జారే నేల మీద నేర్చుకున్న షాట్

హైస్కూల్ టీమ్‌లో చోటు దొరకలేదు. కాలేజీలో చేరాక ఫస్టియర్ అంతా కాలేజీ టీమ్‌లో లేడు. సెకండియర్‌లో టీమ్‌లోకి వచ్చాక కూడా మ్యాచ్‌కి సగటున 11 పాయింట్ల దగ్గరే ఆగిపోయాడు. అదే కుర్రాడు ఫైనలియర్ అయ్యేసరికి అమెరికా కాలేజీ ఆటగాళ్లందరిలోకీ ఎక్కువ సగటు తెచ్చుకున్నాడు. పేరు పాల్ అరిజిన్.

ఇలాంటి కథ అనగానే మనకి మైకేల్ జోర్డన్ గుర్తొస్తాడు. స్కూల్ టీమ్ నుంచి తీసేశారట, కసితో ఎదిగాడట అని మోటివేషన్ స్పీకర్లు ప్రతి సెమినార్‌లోనూ చెప్తూనే ఉంటారు. నిజానికి జోర్డన్‌ని పూర్తిగా తీసేయలేదు, జూనియర్ టీమ్‌లో వేశారంతే. అరిజిన్ సంగతి అది కాదు. అతనికి స్కూల్ టీమ్‌లో చోటే లేదు. ఇంకో తేడా కూడా ఉంది. అతను కసితో ఎవరికో ఏదో నిరూపించాలని ఆడినట్టు ఎక్కడా కనిపించదు. ఆడటం ఇష్టం, అందుకని ఎక్కడ ఆడనిస్తే అక్కడ ఆడాడు. నాకు ఈ మనిషి నచ్చింది అందుకే.

1928 ఏప్రిల్ 9న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. చదివింది లా సాల్ హైస్కూల్లో. ఆ వయసులో ఆట పెద్దగా రాదు, ఒడ్డూ పొడుగూ ఇంకా పూర్తిగా రాలేదు. పైగా సైనస్ సమస్య. కొంచెం పరిగెడితే చాలు, ఊపిరి ఆడనట్టు గురక లాంటి శబ్దం, దగ్గు. ఈ బాధ జీవితాంతం పోలేదు. తర్వాతి రోజుల్లో కొత్తగా ఎదురుపడిన ఆటగాళ్లు ఆ దగ్గు విని, వీడి పని అయిపోయింది, ఇంకో రెండు నిమిషాల్లో కూలబడతాడు అనుకునేవాళ్లట. అతను అలాగే దగ్గుతూ బాస్కెట్లు వేస్తూ పోయేవాడు.

స్కూల్ టీమ్‌లో చోటు దొరకని వాడికి ఫిలడెల్ఫియాలో ఇంకో దారి ఉండేది. చర్చిల యువజన సంఘాల లీగులు, పేట టీమ్‌లు, ఇండిపెండెంట్ లీగులు ఆ ఊళ్లో బోలెడు. మన దగ్గర సంక్రాంతికో దసరాకో ఊరూరా క్రికెట్ టోర్నమెంట్లు పెట్టి, ఎవరి టీమ్‌లో ఒకడు తగ్గినా పక్క వీధి వాణ్ణి లాక్కుపోతారు చూడండి, దాదాపు అలాగే. అరిజిన్ ఒకే సమయంలో చాలా టీమ్‌లకి ఆడేవాడు. ఈ రాత్రి ఒక హాల్లో, రేపు రాత్రి ఇంకో హాల్లో.

ఆ హాళ్ల గురించే అసలు చెప్పాలి. అవి బాస్కెట్‌బాల్ కోసం కట్టినవి కావు. వాటిలో చాలావరకు డాన్సులు జరిగే హాళ్లు. డాన్స్ చేసేవాళ్ల కాళ్లు తేలిగ్గా జారాలని నేలకి మైనం పట్టించేవారు. అక్కడే బాస్కెట్లు వేలాడదీసి మ్యాచ్‌లు పెట్టేవారు. పైకప్పు కూడా ఎత్తు తక్కువ.

ఆ రోజుల్లో షాట్ కొట్టాలంటే రెండు కాళ్లూ నేల మీద ఆనించి, రెండు చేతులతో బంతిని ఛాతీ దగ్గర నుంచి విసరడం మామూలు పద్ధతి. దాన్ని సెట్ షాట్ అనేవారు. బాస్కెట్‌కి దగ్గరలో అయితే ఒంటి కాలి మీద బలం పెట్టి పక్కకి తిరుగుతూ చెయ్యి తల మీదుగా తిప్పి వేసే హుక్ షాట్. మైనం రాసిన నేల మీద హుక్ షాట్ కొట్టబోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒంటి కాలితో పక్కకి తోస్తున్నాం, ఘర్షణ లేదు, కాలు జర్రున పోతుంది. అరిజిన్ కాలూ పోయింది. అందుకని అతను నిలువుగా గాల్లోకి ఎగిరి, గాల్లో ఉండగానే ఒంటి చేత్తో బంతి వదలడం మొదలుపెట్టాడు. నేల మీద కాళ్లే లేకపోతే జారే ప్రశ్నే లేదు కదా. ఎగరడం అతనికి మొదటినుంచీ బాగా వచ్చు. అలా ఒకటి రెండు షాట్లు అనుకున్నది కాస్తా, కొన్నాళ్లకి అతను కొట్టేవన్నీ జంప్ షాట్లే అయ్యాయి.

జంప్ షాట్ కనిపెట్టింది ఇతనే అని నేను అనడం లేదు. ఆ మాట వచ్చిన ప్రతి చోటా గొడవే. వయోమింగ్‌లో కెన్నీ సెయిలర్స్ అంతకుముందే కొట్టాడు, ఫిలడెల్ఫియాలోనే ప్రొఫెషనల్ జట్టుకి ఆడుతున్న జో ఫుల్క్స్ కూడా గాల్లోకి లేచే కొట్టేవాడు. వేర్వేరు చోట్ల వేర్వేరు అవసరాల కొద్దీ చాలామందికి ఒకే కాలంలో తట్టిన ఉపాయం అది. అరిజిన్‌కి తట్టడానికి కారణం మాత్రం మైనం రాసిన నేల. స్కూల్ టీమ్‌లో చేరి, మంచి జిమ్‌లో, కోచ్ నేర్పినట్టు కాళ్లు ఆనించి సెట్ షాట్ ప్రాక్టీస్ చేసి ఉంటే అతను దాని జోలికి వెళ్లేవాడు కాదేమో.

పైకప్పు సంగతి ఇంకా మిగిలింది. ఎత్తు తక్కువ కాబట్టి బంతిని పైకి గుండ్రంగా లేపి వేయడానికి లేదు. లేపితే కప్పుకి తగులుతుంది. అరిజిన్ షాట్ జీవితాంతం చదునుగా, తాడు లాగినట్టు నేరుగా రింగు మీదికి వెళ్లేది. మనం ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి ఒక చిన్న లెక్క చూద్దాం. రింగు వ్యాసం 18 అంగుళాలు, అంటే 45.7 సెంటీమీటర్లు. బంతి వ్యాసం సుమారు 24 సెంటీమీటర్లు. బంతి నిట్టనిలువుగా పైనుంచి పడితే దానికి మొత్తం 45.7 దారి ఉంటుంది. 45 డిగ్రీల వాలులో వస్తే 45.7ని సైన్ 45తో గుణించాలి, సుమారు 32 వస్తుంది. అదే 30 డిగ్రీల్లో వస్తే 23 కూడా ఉండదు, అంటే బంతి రింగుకి తగలకుండా పట్టనే పట్టదు. షాట్ ఎంత చదునైతే తప్పుకి చోటు అంత తక్కువన్నమాట. ఏ కోచ్ అయినా బంతిని ఇంకా పైకి లేపమనే చెప్తాడు. అరిజిన్ ఆడిన హాళ్లలో లేపడానికి లేదు, కాబట్టి తప్పు చేయకుండా కొట్టడమే అలవాటు చేసుకోవాల్సి వచ్చింది.

1946లో విలనోవా కాలేజీలో చేరాడు. ఫిలడెల్ఫియా పక్కనే ఉంటుంది. తీసుకున్నది కెమిస్ట్రీ. స్పోర్ట్స్ కోటా లేదు, స్కాలర్‌షిప్ లేదు. రోజూ ఇంటి నుంచి వచ్చి పోయే డే స్కాలర్. పొద్దున క్లాసులు, ల్యాబులు. రాత్రి ఏదో ఒక హాల్లో మ్యాచ్. సొంత కాలేజీ టీమ్‌కి మాత్రం ఆడటం లేదు. ఎవరూ పిలవలేదు.

ఇక్కడ ఒక సంఘటన ఉంది. ఫిలడెల్ఫియా బాస్కెట్‌బాల్ వాళ్లు దీన్ని ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. విలనోవా కోచ్ అల్ సెవరెన్స్ ఒక రోజు ఊళ్లో ఏదో లీగ్ మ్యాచ్ చూడటానికి వెళ్లాడు. అక్కడ ఒక పొడుగు కుర్రాడు గాల్లోకి ఎగిరి ఎగిరి బాస్కెట్లు వేసేస్తున్నాడు. మ్యాచ్ అయ్యాక వాడి దగ్గరికి వెళ్లి, మా విలనోవాలో చేరతావా అని అడిగాడు. ఆ కుర్రాడు, నేను ఆల్రెడీ విలనోవాలోనే చదువుతున్నాను సార్ అన్నాడు.

అంతే కథ. నవ్వొస్తుంది గానీ కాస్త ఆగి చూస్తే భయం వేస్తుంది. ఒకే క్యాంపస్‌లో ఏడాది పాటు ఇద్దరూ తిరిగారు. కోచ్‌కి ఆటగాళ్లు కావాలి, కుర్రాడికి ఆట కావాలి. ఒకరికొకరు తెలీదు. ఆ రోజు సెవరెన్స్ వేరే హాలుకి వెళ్లి ఉంటే, లేదా ఆ సాయంత్రం అరిజిన్‌కి ల్యాబ్ రికార్డు మిగిలిపోయి మ్యాచ్ మానేసి ఉంటే, ఈ వ్యాసం ఉండేది కాదు. టాలెంట్ ఉంటే ఎప్పటికైనా బయటపడుతుంది అంటారు గానీ, ఈ కథ చదివాక నాకు ఆ మాట మీద నమ్మకం తగ్గింది. అలా బయటపడని అరిజిన్లు ఆ హాళ్లలో ఇంకెంతమంది ఉండేవారో ఎవరు చెప్పగలరు?

మొత్తానికి సెకండియర్‌లో, అంటే 1947-48 సీజన్‌లో, కాలేజీ జెర్సీ వేసుకున్నాడు. నంబర్ 11. మొదటి సీజన్‌లో పెద్ద మెరుపులేమీ లేవు. సగటు 11 పాయింట్లు అని ముందే చెప్పాను కదా. అన్నేళ్లూ కోచ్ అనేవాడు లేకుండా, ఎవరికి వారు ఆడే లీగుల్లో పెరిగినవాడు ఒక్కసారిగా పద్ధతి ఉన్న టీమ్‌లో పడ్డాడు. సర్దుకోవడానికి టైమ్ పడుతుంది. సెవరెన్స్ చేసిన మంచి పని ఏమిటంటే అతని షాట్ జోలికి పోలేదు. చదును షాట్, ఒంటి చేతి షాట్, ఆ రోజుల పుస్తకాల ప్రకారం రెండూ తప్పే. సరిచేస్తానని కూర్చుని ఉంటే పాడైపోయేది.

తర్వాతి సీజన్లో సగటు రెట్టింపై 22కి చేరింది. ఆ సీజన్లోనే 1949 ఫిబ్రవరి 12న నౌకాదళానికి చెందిన ఎయిర్ మెటీరియల్ సెంటర్ జట్టు మీద ఒక్క మ్యాచ్‌లో 85 పాయింట్లు కొట్టాడు. విలనోవా 117, వాళ్లు 25. ప్రత్యర్థి కాలేజీ జట్టు కాదు, బలహీనమైన జట్టు, కాబట్టి ఆ 85ని చాలామంది పక్కన పెడతారు. పెట్టడం న్యాయమే. అయితే ఒక తమాషా చూడండి. సరిగ్గా రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 10న, అదే ఊరి ప్రొఫెషనల్ జట్టు వారియర్స్‌కి ఆడే జో ఫుల్క్స్ 63 కొట్టాడు. ప్రొఫెషనల్ లీగులో అప్పటికి అది రికార్డు. ఒకే ఊళ్లో, రెండు రోజుల తేడాలో, ఇద్దరూ గాల్లోకి ఎగిరి కొట్టేవాళ్లే. సెట్ షాట్‌కి రోజులు దగ్గర పడ్డాయని ఆ వారం ఫిలడెల్ఫియాలో ఉన్నవాళ్లకి అర్థమై ఉండాలి.

85 సంగతి పక్కన పెట్టినా, అదే సీజన్ చివర జరిగింది మాత్రం పక్కన పెట్టలేం. జాతీయ టోర్నమెంట్‌లో విలనోవాకి ఎదురొచ్చింది కెంటకీ, అప్పట్లో దేశంలోనే బలమైన జట్టు. విలనోవా 72-85తో ఓడిపోయింది. అరిజిన్ 30 కొట్టాడు. కెంటకీ స్టార్ అలెక్స్ గ్రోజా కూడా సరిగ్గా 30. ఆ ఏడు టైటిల్ గెలిచింది కెంటకీయే. హైస్కూల్ టీమ్‌కి పనికిరాడనిపించుకున్నవాడు దేశంలోనే పెద్ద జట్టు స్టార్‌తో సమానంగా నిలబడ్డాడు. ఆ మరుసటి సీజన్ 1949-50లో సగటు 25.3, దేశంలో నంబర్ వన్. స్పోర్టింగ్ న్యూస్ పత్రిక ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడిగా అతన్నే ఎంచుకుంది.

ఎన్‌బీఏ రోజుల గురించి త్వరగా చెప్పేస్తాను. అంకెలు ఎవరైనా వెతుక్కోవచ్చు. అప్పట్లో ప్రొఫెషనల్ జట్లు తమ ప్రాంతపు కాలేజీ కుర్రాడిని ముందే తీసుకునే రూల్ ఉండేది. దాని పుణ్యమా అని 1950లో సొంత ఊరి వారియర్స్‌లోకే వెళ్లాడు. ఫుల్క్స్ పక్కనే ఆడాడు. రెండో సీజన్ 1951-52లో 25.4 సగటుతో లీగ్‌లో మొదటి స్థానం. అప్పటిదాకా ఆ స్థానం వరసగా మూడేళ్లు జార్జ్ మైకన్‌ది. ఆరడుగుల పది అంగుళాల మైకన్‌ని ఆరడుగుల నాలుగు అంగుళాల అరిజిన్ దాటాడు. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. మైకన్‌ని ఆపలేక ఆ సీజన్‌కే బాస్కెట్ ముందున్న లేన్ వెడల్పుని 6 అడుగుల నుంచి 12 అడుగులకి పెంచారు. ఆ రూల్ మైకన్‌ని దెబ్బతీసింది, దూరం నుంచి కొట్టేవాళ్లకి కలిసొచ్చింది. అయినా ఆ ఏడు షాట్లలో బాస్కెట్ పడిన శాతంలో కూడా అరిజినే మొదటివాడు, 44.8. అంత చదును షాట్‌తో.

అంతా కుదిరిందనుకునే సమయానికి కొరియా యుద్ధం. మెరైన్ కోర్‌లో చేరాడు. 24 ఏళ్ల వయసులో, ఫామ్ పీక్‌లో ఉండగా రెండు సీజన్లు పోయాయి. తిరిగొచ్చేసరికి ఆట మారిపోయింది. 24 సెకన్లలోపు షాట్ కొట్టి తీరాలనే క్లాక్ 1954లోనే మొదలైంది. టీమ్‌లో స్కోరింగ్ స్టార్ కూడా నీల్ జాన్‌స్టన్ అయ్యాడు. అరిజిన్ మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. వచ్చిన సీజన్‌లో 21, తర్వాత 24.2. ఆ 1955-56లోనే వారియర్స్ ఫోర్ట్ వేన్ పిస్టన్స్‌ని 4-1తో ఓడించి చాంపియన్స్ అయ్యారు. ప్లేఆఫ్స్‌లో అతని సగటు 28.9. మరుసటి ఏడు 25.6తో మళ్లీ లీగ్‌లో నంబర్ వన్. మధ్యలో రెండేళ్లు ఆట లేకుండా పోయి, వచ్చాక మళ్లీ అదే మెట్టు ఎక్కడం నా లెక్కలో కాలేజీ రోజుల కన్నా పెద్ద సంగతి. ఎందుకో దాని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు.

ఆడిన పది సీజన్లలోనూ ఆల్ స్టార్. మొత్తం 16,266 పాయింట్లు, సగటు 22.8. 1978లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 1996లో ఎన్‌బీఏ తన 50 మంది గొప్ప ఆటగాళ్లని ప్రకటించినప్పుడు ఆ జాబితాలోనూ ఉన్నాడు. 2006 డిసెంబర్ 12న నిద్రలోనే పోయాడు, 78 ఏళ్లు. పోయి ఇరవై ఏళ్లు కావస్తోంది.

కానీ నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది 1962.

ఆ ఏడాది మార్చి 2న హెర్షీ అనే చిన్న ఊళ్లో విల్ట్ చాంబర్లెయిన్ ఒక్కడే 100 పాయింట్లు కొట్టాడు. ఇప్పటికీ ఎవరూ దాటలేదు. ఆ రాత్రి అదే జట్టులో అరిజిన్ కూడా ఉన్నాడు, 16 పాయింట్లు వేశాడు. వందలో మునిగిపోయిన పదహారు. అప్పటికి అతని వయసు 33. ఆ సీజన్ సగటు 21.9, అంటే ఆట ఏమీ తగ్గలేదు. హాయిగా ఇంకో రెండు మూడేళ్లు ఆడొచ్చు.

సీజన్ అయ్యాక వారియర్స్‌ని అమ్మేశారు. కొత్త ఓనర్లు జట్టుని శాన్‌ఫ్రాన్సిస్కోకి తీసుకెళ్తామన్నారు. దేశానికి ఈ చివర నుంచి ఆ చివరకి. చాంబర్లెయిన్ వెళ్లాడు. అరిజిన్ వెళ్లలేదు. ఇల్లు, భార్యాపిల్లలు, అందరూ ఫిలడెల్ఫియా దగ్గరే. పైగా చేతిలో ఐబీఎం ఉద్యోగం. ఎన్‌బీఏ మానేసి ఐబీఎంలో చేరాడు, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాడు. అవును, మనం ప్లేస్‌మెంట్ల సీజన్‌లో పేరు తలుచుకునే ఆ ఐబీఎమే.

ఈ నిర్ణయం సరైనదేనా అని మా హాస్టల్ రూమ్‌లో ఒక రాత్రంతా వాదించుకున్నాం. మాలో ఇద్దరు, అంత ఆట చేతిలో పెట్టుకుని ఉద్యోగానికి వెళ్లడం పిచ్చి అన్నారు. ఆ రోజుల్లో బాస్కెట్‌బాల్ జీతాలు ఇప్పటిలా కోట్లలో ఉండవు కాబట్టి తెలివైన పనే అన్నాడు ఇంకొకడు. నాకైతే రెండూ కాదనిపిస్తుంది. అతను మొదటినుంచీ ఆడింది తన ఊళ్లోనే. స్కూల్ వద్దంటే ఊరి హాళ్లు ఆడనిచ్చాయి. కాలేజీ ఆ ఊరి పక్కదే, ప్రొఫెషనల్ జట్టు కూడా ఆ ఊరిదే. అతని ఆట ఆ ఊరి నేల మీద తయారైంది. అది వదిలి ఎక్కడికో వెళ్లి ఆడాలని అనిపించలేదు, అంతే.

ఆట మాత్రం మానలేదు. డెలావేర్ నది దాటితే అవతలి ఒడ్డున కామ్డెన్ అనే ఊరు. అక్కడి కామ్డెన్ బుల్లెట్స్ ఈస్టర్న్ లీగ్‌లో ఆడేది. వారం అంతా వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు వారాంతాల్లో ఆడుకునే లీగ్ అది. ఎన్‌బీఏలో రెండుసార్లు నంబర్ వన్ అయినవాడు ఆ లీగ్‌లో చేరి మూడు సీజన్లు ఆడాడు. 1963లో లీగ్ ఉత్తమ ఆటగాడు అతనే. 1964లో కామ్డెన్ టైటిల్ గెలిచింది.

ఈలోపు 1963లో సిరక్యూస్ జట్టు ఫిలడెల్ఫియాకి మారి సెవెంటీసిక్సర్స్ అయింది. ఊళ్లోకి ఎన్‌బీఏ మళ్లీ వచ్చింది. అరిజిన్ అటు వెళ్లలేదు. వారం అంతా ఐబీఎంలో పనిచేసి, వారాంతం రాగానే దగ్గుతూ, ఎగురుతూ, అదే చదును షాట్ కొడుతూ కామ్డెన్‌కే ఆడాడు.